హై డెఫినిషన్ అనగా ఎంత? — గీతల చరిత్ర, గది కొలత

దుకాణమున గోడ నిండ వ్రేలాడు పలుచని టెలివిజన్లను చూచినప్పుడు మన కుటుంబములకు కలుగు సందేహము ఒక్కటే: వీనిలో ఏది మన యింటికి తగినది? అమ్మువాడు ‘హై డెఫినిషన్’ అను మాటను మంత్రమువలె జపించును. ఆ మాట నిన్న మొన్న పుట్టినది కాదు. దానికి తొంబది యేండ్ల చరిత్ర కలదు. ప్రతి తరమును తనకు లభించిన బొమ్మనే ‘హై’ అని మురిసినది. ఆ చరిత్ర తెలిసికొని పిమ్మట సొమ్ము చెల్లించుట నెల జీతముపై బ్రతుకు మనవంటి వారికి శ్రేయస్కరము.

1926 జనవరి 26వ తేదీన జాన్ లోగీ బెయిర్డ్ లండను నగరమున శాస్త్రజ్ఞుల యెదుట టెలివిజన్‌ను ప్రదర్శించెను. ఆ బొమ్మలో గీతలు ముప్పది మాత్రమే. మనుష్యుని ముఖమును ముఖమని పోల్చుకొనగలుగుటయే ఆనాటి అద్భుతము. 1935లో బ్రిటిష్ ప్రభుత్వము నియమించిన సెల్స్‌డన్ సంఘము, 240 గీతలకు తక్కువ కాని బొమ్మయే హై డెఫినిషన్ అనదగినదని తేల్చెను. 1936 నవంబరు 2న బి.బి.సి. ప్రసారములు ప్రారంభమైనప్పుడు, బెయిర్డ్ వారి 240 గీతల పద్ధతియు, మార్కోని-ఇ.ఎం.ఐ. వారి 405 గీతల పద్ధతియు వారము విడిచి వారము పోటీపడినవి. కొలది నెలలకే 405 గెలిచి, 240 మరుగున పడినది. నిన్నటి ‘హై’ నేటికి హీనమగుట ఆనాడే మొదలైనది.

మన దేశమున 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో యునెస్కో సాయముతో ప్రయోగాత్మక ప్రసారము ప్రారంభమైనది. 1965లో దినవారీ ప్రసారములు వచ్చినవి. మనము స్వీకరించినది 625 గీతల పద్ధతి. అందు బొమ్మకు ఉపయోగపడునవి 576. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు కార్యక్రమములు అందినవి. అందు నాటి ఆంధ్ర ప్రదేశ్ ఒకటి. ఒక్క పెట్టె ముందు ఊరు ఊరంతయు కూర్చుండి చూచిన రోజులవి. 1977 అక్టోబరు 23న హైదరాబాదు కేంద్రము వెలసెను. 1982లో ఆసియా క్రీడల సంవత్సరమున రంగులు వచ్చెను. కాని గీతలు మాత్రము 625 గానే నిలిచినవి.

ఇంతలో జపాను ప్రసార సంస్థ యగు ఎన్.హెచ్.కె. ఇంజనీర్లు 1964 టోక్యో ఒలింపిక్ క్రీడల పిమ్మట వేరొక ప్రశ్న వేసికొనిరి. పాత బొమ్మను దాని ఎత్తునకు ఆరు రెట్ల దూరము నుండి చూడవలెను. అంతకంటె దగ్గరైనచో గీతలు బయటపడును. మూడు రెట్ల దూరమునకు జరిగినను గీతలు కనబడకుండుటకు ఎన్ని గీతలు కావలెను? ఈ అన్వేషణ ఫలితమే 1125 గీతల పద్ధతి. కావున హై డెఫినిషన్ యొక్క అసలు ఉద్దేశము, కూర్చున్న చోటనే బొమ్మ మెరుగగుట కాదు. ప్రేక్షకుడు దగ్గరకు జరిగి, కన్నుల నిండుగ బొమ్మను చూచుట. అంత పెద్ద బొమ్మను పాత గాజు గొట్టముతో చేసినచో పెట్టె బరువు మోయరానిదగును, గదిలో సగము దానికే చాలును. అందుచేత పలుచని తెర అవసరమయ్యెను. 1964లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున ప్లాస్మా తెరయు, 1968లో ఆర్.సి.ఏ. సంస్థ ప్రకటించిన ద్రవస్ఫటికపు తెరయు ఆ దారి చూపినవి. మన దేశమున 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలతో దూరదర్శన్ హై డెఫినిషన్ ప్రసారమునకు పూనుకొనెను.

ఇక మన గదికి వత్తము. నలుబదిమూడు అంగుళముల తెర ఎత్తు దాదాపు 21 అంగుళములు. అందు 1080 వరుసల బిందువులుండును. ఆరోగ్యమైన కన్ను ఆ వరుసలనన్నిటిని విడివిడిగ గుర్తింపవలెనన్నచో అయిదున్నర అడుగుల దూరమునకు మించి కూర్చుండరాదు. పండ్రెండు అడుగుల దూరమున గోడకానుకొని చూచువారికి అందునవి రమారమి 500 వరుసలే. అనగా పాత 576 కంటెను తక్కువ! ఇక 2160 వరుసల ‘ఫోర్ కె’ తెర యొక్క పూర్తి ప్రయోజనము కావలెనన్నచో అదే పరిమాణమున మూడడుగులలోపునకు చేరవలెను. కనుక దుకాణమునకు పోవుటకు ముందు కొలత టేపుతో కుర్చీకిని గోడకును గల దూరమును కొలుచుట మొదటి పరీక్ష.

రెండవది, బొమ్మ వచ్చు మూలము. ప్రసారమున లేని వివరమును తెర సృష్టింపజాలదు. దుకాణదారుడు చూపు పూలు, పక్షుల బొమ్మలను నమ్మక, మనము ఇంట చూచు వార్తలను, క్రికెట్ ఆటను పెట్టించి చూడవలెను. పరుగెత్తు బంతి తోక లాగుచున్నదా? చీకటి దృశ్యమున నలుపు బూడిద రంగుగా మారుచున్నదా? ప్రక్కన కూర్చున్న వారికి రంగులు వెలవెలబోవుచున్నవా? మూడవది ధ్వని. పలుచని పెట్టెలో పెద్ద స్పీకరునకు చోటుండదు. వినికిడి తగ్గిన తల్లిదండ్రులున్న యింట ఈ లోపము గీతల లోపముకంటె పెద్దది.

1957 నాటి ‘మాయాబజార్’ చిత్రమున ‘ప్రియదర్శిని’ అను పేటిక కలదు. చూచువారికి ఎవరు ప్రియతములో వారే అందు కనబడుదురు. ఢిల్లీలో ప్రసారము మొదలగుటకు రెండేండ్ల ముందే మన వారు చేసిన ఊహ యిది! ఆ చిత్రమునే నేటి వెడల్పు తెరపై సరియైన పాళ్ళలో చూచినచో ఇరుప్రక్కల కలిపి పావు వంతు తెర నల్లగా మిగులును. ఆ నలుపు వ్యర్థమని తలచి బొమ్మను సాగదీయువారున్నారు. అట్లు చేసినచో ఘటోత్కచుడు మాత్రమే కాదు, శశిరేఖయు స్థూలకాయురాలగును! ఆ నలుపును అట్లే ఉండనిచ్చి చూచుట మేలు.

ముప్పది గీతలలో ఒక ముఖమును పోల్చుకొని లండనులో పెద్దలు సంతసించిరి. రెండు వందల నలుబది గీతలను ఒక సంఘము ‘హై’ అనెను. రేపు మరియొక సంఖ్య వచ్చును. సంఖ్యలను వెంబడించువానికి అంతము లేదు. తన గదిని, తన వారి కన్నులను, చెవులను కొలుచుకొన్నవానికి చాలునన్న చోటు తెలియును. కొలతకు సరిపడిన తెర కొని, మిగిలిన సొమ్మును పిల్లల పుస్తకములకు ఉంచుకొనుటలో చిన్నతనమేమియు లేదు.