మైపాడు తీరము: పట్టపువారి చరిత్ర

కోవూరు నియోజకవర్గములోని ఇందుకూరుపేట మండలమున, నెల్లూరికి సుమారు 25 కిలోమీటర్ల దూరమున మైపాడు గలదు. విశాలమైన ఇసుక తీరము, సరుగుడు తోపులు యాత్రికులను ఆకర్షించుచున్నవి. ఐనను ఈ సరుగుడు ప్రకృతి సిద్ధము కాదు. మదరాసు నగరపు వంటచెరకు కొరకు 19వ శతాబ్దిలో ఈ తీరమున విరివిగా నాటబడిన వృక్షమిది. 1878లో బకింగుహాము కాలువయని పేరొందిన జలమార్గమున ఆ కట్టెలు పడవలపై దక్షిణమునకు సాగెడివి. 1965, 66 తుపానులకు కాలువ దెబ్బతినగా ఆ రవాణా క్షీణించినది. తోపు నిలిచినది.

తీరవాసుల చరిత్రకు శాసనముల సాయము మిక్కిలి తక్కువ. దక్షిణముననున్న కృష్ణపట్టణము 13వ శతాబ్ది శాసనములలో కొల్లితురై, గండగోపాలపట్టణము అను పేర్లతో కనిపించును. ఉత్తరమున మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనము కర్పూరము, ముత్యములు, పగడములు, పట్టు, మిరియములు మొదలగు సరకులపై సుంకమును నిర్ణయించినది. అందు చేపల ప్రసక్తి లేదు. సుంకము లేనిచోట శాసనమును లేదు. కావున ఓడలపై వచ్చినవారి మాట తెలిసినంతగా తెప్పలపై వేటకు పోయినవారి మాట మనకు తెలియదు.

ఇట్టిచోట భాషయే సాక్ష్యమని మా అభిప్రాయము. ఈ తీరమున పట్టపుపాలెములు పెక్కు గలవు. పట్టపువారు ఇంటిలో తమిళ లక్షణములు గల యొక పలుకును, బయట తెలుగును వాడుదురు. 1909లో ప్రకటితమైన థర్ స్టన్ గ్రంథము తమిళ తీరపు పట్టణవన్ అను మత్స్యకార కులమునకు పట్టణవాసి యని అర్థము చెప్పుచున్నది. మన పట్టపు శబ్దమును దీనికి జ్ఞాతియే కావచ్చును. పట్టాభిషేకపు పట్టమునకు ఇచట పొసగుబాటు లేదు. పట్టణమను మాటకు రేవను అర్థము ప్రాచీనము. రేవుపేరు మోయుచున్నవారు పాలెములలో నివసించుట గమనింపదగినది. కొల్లితురైలోని తురై శబ్దమును రేవునే చెప్పు తమిళపదము. ఇరు భాషల కలయిక ఈ తీరమున నిన్నటిది కాదు.

ఈ పలుకు పనితో ముడివడియున్నది. ఇచట సహజమైన ఓడరేవు లేదు. నేరుగా అలలపైననే సముద్రములోనికి పోవలెను. పలకల పడవ ఆ విరుగుడు అలలలో నీటితో నిండి మునుగును. దుంగలు కట్టిన తెప్పలోనికి వచ్చిన నీరు సందులనుండియే జారిపోవును. తమిళులు దానిని కట్టుమరమనిరి. ఆంగ్లేయులు ఆ మాటనే తమ భాషలోనికి గైకొనిరి. నేడు ఫైబరు పడవ, ఇంజను తెప్ప స్థానమును ఆక్రమించినవి. దుంగలకును, కట్లకును, తెరచాపకును, గాలికిని సంబంధించిన పదములు వృద్ధుల నోటనే మిగులుచున్నవి. పిల్లలు బడిలో తెలుగును, ఆంగ్లమును నేర్చుచున్నారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తీరపు పాలెములలో ఇండ్లు, వలలు, పడవల నష్టము లెక్కకెక్కినది. పదముల లెక్క ఇంకను తీయవలసియున్నది. తెప్పపై స్వయముగా వేటకు పోయిన తరము జీవించియుండగనే ఆ పదములను, వాటి ఉచ్చారణను, ప్రయోగమును సేకరింపవలెను.