చమురు వాళ్లది.. మందు మనది

2025 ఆగస్టు 27 నుంచి ఇండియా సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పెంచింది. అందుల సగం, మనం రష్యా చమురు కొంటున్నమని వేసిన దండుగ. బట్టలకు, రొయ్యలకు దెబ్బ తాకింది. మా గడ్డపోతారంల తయారయ్యే మందులకు మాత్రం తాకలే. జనరిక్ మందులను ఆ సుంకం నుంచి తప్పించిన్రు. ఎందుకో సమజైతే, దేశాల దోస్తీలు ఎట్ల నడుస్తయో సుత సమజైతది.

ముందుగాల చమురు ముచ్చట. మనం వాడే ముడి చమురుల నూటికి 85 వంతుల కన్నా ఎక్కువ బయటి నుంచే వస్తది. అందుకే అమ్మేటోళ్లతోని చెడగొట్టుకోలేం. ఇజ్రాయెల్‌తోని పూర్తి దౌత్య సంబంధాలు 1992 జనవరి దాకా పెట్టుకోకపోవడానికి ఒక కారణం అరబ్బు దేశాల చమురు, అక్కడ పనిచేసే మనోళ్లు. ఆ సంబంధాలు పెట్టిన మన పీవీ నరసింహారావే, 1993ల ఇరాన్‌కు సుత పోయిండు. ఒక్క దిక్కే చూస్తే నడవదని ఆయనకు ఎరుక.

ఇరాన్ మనకు చమురు అమ్మే పెద్ద దేశాలల్ల ఒకటిగ ఉండె. 2019 మేల అమెరికా మినహాయింపు ఎత్తేసింది, మనం ఇరాన్ చమురు బంద్ చేసినం. 2022ల ఉక్రెయిన్ యుద్ధం షురూ అయినంక రష్యా ధర తగ్గించి అమ్మింది. అప్పటిదాకా మన దిగుమతులల్ల 2 శాతం దగ్గర ఉన్న రష్యా వాటా, మూడో వంతు దాకా పోయింది. ఐక్యరాజ్యసమితిల రష్యాను తప్పువట్టే తీర్మానాలప్పుడు మనం ఎటూ ఓటు వెయ్యలే.

2019ల వంగినోళ్లం 2022ల ఎందుకు వంగలే? ధైర్యం ఒక్కటే కాదు. రష్యా చమురు మార్కెట్‌కు రాకుంటే ధర మండుతదని అమెరికాకూ భయముండె. అందుకే అప్పుడు ఊకున్నది. 2025ల వాళ్ల లెక్క మారింది, దండుగ వడ్డది.

మరి మందులను ఎందుకు ముట్టలే? అమెరికాల డాక్టర్లు రాసే ప్రతి 10 మందులల్ల దాదాపు 4 ఇండియా కంపెనీలయే. సుంకం వేస్తే వాళ్ల రోగులకే బరువు. ఇంకో విచిత్రం ఏందంటే, సోవియట్ సాయంతోని బాలానగర్‌ల పెట్టిన ఐడీపీఎల్‌ల పని నేర్చినోళ్లు చాలామంది తర్వాత హైదరాబాద్ చుట్టూ మందుల కంపెనీలు పెట్టిన్రు. రష్యా నేర్పిన పని, ఇయ్యాల అమెరికా కాడ మనల్ని కాసింది.

అట్లని మురువద్దు. మనం దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్‌ల సగం కన్నా ఎక్కువ చైనావే. 2020ల గల్వాన్ గొడవ తర్వాత టిక్‌టాక్ బంద్ చేసినం గని, చైనా నుంచి వచ్చే మందుల ముడిసరుకును బంద్ చెయ్యలే. చేస్తే మా ఊరి రియాక్టర్లు ఆగుతయి.

అందుకే "ఇండియా తలొగ్గింది", "ఇండియా గర్జించింది" అని ఫోన్ల వీడియోలు చూసినప్పుడు నేను ఒక్కటే అడుగుత: ఎవరు లేకుండ ఎవరికి గడవది? చమురు ఒక్కరి కాడనే కొనకుండ నాలుగు దిక్కులు పెట్టుకోవాలె. ముడిసరుకు ఇక్కడనే తయారు చేసుకోవాలె. ఇంకో మాట సుత మరువొద్దు. దేశానికి ఈ బలం ఇచ్చిన మా బెల్టుల చెరువులు కరాబైనయి. ముడిసరుకు సుత ఇక్కడనే చేద్దామన్నప్పుడు, ఆ నీళ్ల లెక్క ముందుగాల తేల్చాలె.