ముఖాన్ని సరిచేసే శస్త్రచికిత్స: కొలత, కోత, కోలుకోవడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ముఖ శస్త్రచికిత్స చరిత్రలోని ముఖ్య దశలను వివరించగలుగుతారు.
• శస్త్రచికిత్సకు ముందు కొలత, తరువాత విశ్రాంతి ఎందుకు అవసరమో చెప్పగలుగుతారు.
• ఒక విద్య చరిత్రలో ఎవరి పేరు మిగులుతుందో, ఎవరి పేరు మరుగవుతుందో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

చిన్నతనంలో మిద్దె మీదినుంచి పడి గడ్డానికి దెబ్బ తగిలినవారు మీ ఊరిలో ఎవరైనా ఉన్నారా? అటువంటి దెబ్బతో దవడ కీలు బిగుసుకుపోతే, వయసు పెరిగినా కింది దవడ సరిగా ఎదగదు. నోరు పూర్తిగా తెరుచుకోదు. నమలడం, మాట్లాడటం కష్టమవుతుంది. పెళ్ళిచూపుల నాడు ఇంటిల్లిపాదికీ అదే దిగులు. నేడు దవడ ఎముకను కోసి, సరైన చోట నిలిపి, లోతుగా ఉన్న చెంపలను రోగి శరీరంలోనిదే మరో చోటి ఎముకతో గాని కొవ్వుతో గాని నింపే చికిత్స ఉంది.

ఇదంతా పాశ్చాత్యుల విద్యే అని కొందరు, మన పూర్వులకు అంతా తెలుసు అని మరికొందరు అంటారు. ఈ రెండు అభిప్రాయాలనూ ఆధారాలతో పోల్చి చూద్దాం.

2. సుశ్రుత సంహితలో చెంప

ప్రాచీన సంస్కృత వైద్య గ్రంథమైన సుశ్రుత సంహితలో, తెగిన ముక్కును తిరిగి నిర్మించే పద్ధతి ఉంది. ముందుగా ముక్కు పరిమాణంలో ఒక ఆకును తీసుకోవాలి. ఆ కొలత ప్రకారం చెంప నుండి చర్మాన్ని కోసి, దానిని పూర్తిగా వేరుచేయకుండా, ముక్కు స్థానంలో అతకాలి. ఊపిరి ఆడటానికి ముక్కు రంధ్రాలలో గొట్టాలు ఉంచాలి. చెవి తమ్మెకు కూడా చెంప మాంసాన్నే వాడవచ్చని గ్రంథం చెబుతుంది. అయితే ఇక్కడ వివరించినది చర్మాన్ని, మాంసాన్ని అతకడం మాత్రమేనని గమనించండి. దవడ ఎముకను కోసి జరపడం వేరే విద్య.

3. మైసూరు యుద్ధం, ఒక ఎద్దుల తోలరి

1792లో ముగిసిన మూడవ మైసూరు యుద్ధం రాయలసీమను నేరుగా తాకింది. 1791లో నిజాం సేనలు గుర్రంకొండ కోటను ముట్టడించాయి. 1792 నాటి శ్రీరంగపట్టణం సంధితో కడప ప్రాంతం టిప్పు సుల్తాను నుండి నిజాంకు, 1800లో నిజాం నుండి ఈస్టిండియా కంపెనీకి దక్కింది.

ఈ యుద్ధంలో ఆంగ్ల సైన్యానికి ఎద్దులు తోలిన కవాస్జీ అనే మరాఠా రైతు టిప్పు సైన్యానికి బందీగా చిక్కాడు. అతని ముక్కును, ఒక చేతిని కోసివేశారు. ఏడాది తరువాత పుణె దగ్గర, ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వ్యక్తి అతనికి కొత్త ముక్కు అమర్చాడు. ఆంగ్ల వైద్యులు స్వయంగా చూసిన ఈ చికిత్స వివరం 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మాగజైన్‌లో అచ్చయింది.

ఆ వివరం ప్రకారం, మొదట పలుచని మైనపు రేకును ముక్కు ఆకారంలో మలిచి, దానిని చదును చేసి నుదుటి మీద పెట్టి గీత గీశారు. ఆ గీత వెంబడి చర్మాన్ని కోశారు. కనుబొమల మధ్య సన్నని పట్టీని మాత్రం కోయకుండా వదిలారు. రక్తం అందేది ఆ పట్టీ ద్వారానే. అతుకు మీద తాంబూలంలో వేసుకునే కాచును తడిపి, గుడ్డ పేలికలకు పూసి కప్పారు. నాలుగు రోజుల తరువాత నేతిలో ముంచిన గుడ్డలు వేశారు. రోగిని ఐదారు రోజులు వెల్లకిలా పడుకోబెట్టారు. దాదాపు 25వ రోజున ఆ పట్టీని కోశారు.

1814లో జోసెఫ్ కార్ప్యూ లండన్‌లో ఇదే పద్ధతిని అనుసరించి, 1816లో దానిపై గ్రంథం ప్రచురించాడు. ఆయన పేరు వైద్య చరిత్రలో నిలిచింది. పుణె దగ్గరి పనివాని పేరును ఎవరూ రాయలేదు.

4. చర్మం నుండి ఎముక వరకు

1846లో ఈథర్ మత్తు వెలుగులోకి వచ్చింది. 1849లో అమెరికా వైద్యుడు సైమన్ హల్లిహెన్ తన చికిత్స ఒకదాన్ని ప్రచురించాడు. చిన్ననాటి కాలిన గాయం వల్ల ఒక యువతికి కింది దవడ ముందుకు సాగిపోగా, ఆయన దానిలో ముక్కను కోసి తీసి వెనక్కు జరిపాడు. 1893లో జర్మనీకి చెందిన గుస్టావ్ నాయ్‌బర్ చేతి నుండి తీసిన కొవ్వుతో ముఖంపై గుంటను పూడ్చాడు. 1901లో ఫ్రాన్సుకు చెందిన రెనే లెఫోర్ పై దవడ ఏ గీతల వెంబడి విరుగుతుందో వివరించాడు. 1957లో ట్రౌనర్, ఓబ్వెగెసర్ నోటి లోపలి నుండే కింది దవడను నిలువుగా రెండు పొరలుగా చీల్చి జరిపే పద్ధతిని ఆంగ్లంలో ప్రకటించారు. కర్నూలు వైద్య కళాశాల ప్రారంభమైనది కూడా 1957లోనే. నేడు కర్నూలులోను, కడపలోను దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. దవడ శస్త్రచికిత్స దంత వైద్యంలో ఒక శాఖ.

5. నేటి ప్రణాళిక, కోలుకోవడం

మైనపు రేకు చేసిన పనిని నేడు పళ్ళ అచ్చులు, ఎక్స్‌రేలు, స్కానింగ్‌లు చేస్తున్నాయి. సాధారణంగా కోతకు ముందు నెలల తరబడి తీగలతో పళ్ళ వరుసను సరిచేస్తారు. పూర్వం కోత తరువాత రెండు దవడలను తీగలతో కొన్ని వారాలు కట్టేసేవారు. ఇప్పుడు టైటానియం పలకలు, మరలు ఎముకను పట్టి ఉంచుతాయి. అయినా కొన్ని వారాలు రాగి జావ, పప్పుకట్టు, మజ్జిగ వంటి నమలనక్కరలేని ఆహారమే తీసుకోవాలి. వాపు క్రమంగా తగ్గుతుంది. కింది పెదవిలో తిమ్మిరి నెలల పాటు, కొందరిలో శాశ్వతంగా ఉండవచ్చు. చెంపలో నింపిన కొవ్వు కొంత కరిగిపోతుంది కనుక మళ్ళీ నింపవలసి రావచ్చు. బీడీ, సిగరెట్టు గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి. ఈ విషయాలన్నీ రోగికి, ఇంటివారికి ముందే తెలియాలి.

6. సారాంశం

చర్మాన్ని అతికే విద్య మన దేశంలో ప్రాచీనమైనది. ఎముకను జరిపే విద్య 19, 20 శతాబ్దాలలో ఇతర దేశాలలో రూపుదిద్దుకున్నది. ముందుగా కొలవడం, రక్తప్రసరణను కాపాడటం, గాయం మానేవరకు ఓర్చుకోవడం ఈ రెండింటికీ ఉమ్మడి సూత్రాలు. గ్రంథం రాసినవాని పేరు నిలిచి, చేతితో పని చేసినవాని పేరు పోయిన తీరును కూడా చరిత్ర విద్యార్థి గుర్తుంచుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కనుబొమల మధ్య చర్మపు పట్టీని 25 రోజుల వరకు ఎందుకు కోయలేదు?
2. కవాస్జీ పేరు మిగిలి, అతనికి చికిత్స చేసినవాని పేరు మిగలకపోవడానికి కారణాలు ఏమై ఉండవచ్చు? మీ మాటల్లో పది వాక్యాలు రాయండి.