క్రాంక్‌షాఫ్ట్ బేరింగు

డీజిల్ ఇంజనులో క్రాంక్‌షాఫ్టును మోస్తూ, అది నూనె పొరపై తిరిగేటట్లు చేసే భాగాలను క్రాంక్‌షాఫ్ట్ బేరింగులు అంటారు. బ్లాకులో ఉండేవి మెయిన్ బేరింగులు. కనెక్టింగ్ రాడ్ల కింది కొసన ఉండేవి బిగ్ ఎండ్ బేరింగులు. ఒక్కొక్క బేరింగులో అర్ధవలయాకారపు షెల్లులు రెండు ఉంటాయి.

పరిశీలన

షెల్లుపై లోతైన గీతలుంటే నూనెలో దుమ్ము చేరిందని గ్రహించాలి. జనగామ జిల్లా నర్మెట్ట వంటి వ్యవసాయ ప్రాంతాలలో దుమ్ములో నడిచే ట్రాక్టర్లకు ఈ పరిశీలన ముఖ్యం. జర్నల్ వ్యాసాన్ని మైక్రోమీటరుతో కొలవాలి. అది అండాకారంగా అరిగితే గ్రైండింగు చేయించి, తగిన అండర్‌సైజు షెల్లులు (0.25 మి.మీ., 0.50 మి.మీ. వంటివి) వాడతారు.

అమరిక

షెల్లు వెనుకభాగం పొడిగా ఉండాలి. నూనెను లోపలి ముఖానికే పూయాలి. షెల్లు రంధ్రం బ్లాకులోని నూనె రంధ్రంతో కలవాలి. కలవకపోతే నూనె అందక బేరింగు పట్టేసి, క్రాంక్‌షాఫ్టు కూడా పాడవుతుంది. క్యాపులను తారుమారు చేయరాదు. బోల్టులను తయారీదారు సూచించిన టార్కుకు దశలవారీగా బిగించాలి.