లైసోజోము: మాట వెనుక కథ

బెల్జియము దేశమందలి లువేన్ విశ్వవిద్యాలయమున క్రిస్టియన్ డి డూవ్ అను శాస్త్రజ్ఞుడు, ఇన్సులిన్ ప్రభావమును తెలిసికొనగోరి ఎలుక కాలేయమును నూరి పరిశీలించుచు, ఒకానొక ఎంజైము తాజా ద్రవమున మందముగను, కొన్నిదినములు శీతలమున నిలువయుంచిన పిదప చురుకుగను పనిచేయుట గమనించి, అది ఏదో పొరసంచిలో బంధింపబడియున్నదని యూహించి, 1955లో ఆ సంచికి లైసోజోమని పేరిడెను. గ్రీకున లైసిస్ అనగా విడివడుట, సోమ అనగా దేహము. మన సోమరసముతో దీనికి చుట్టరికమేమియు లేదు. తన్నుదాను భుజించుట యను నర్థమున ఆటోఫాజీ యను మాటను 1963లో కల్పించినవాడును ఆయనయే.

కణము వెలుపలనుండి మ్రింగినది ఎండోసోమను సంచిలోను, లోపలనే శిథిలమైనది ఆటోఫాగోసోమను సంచిలోను చేరి లైసోజోము చెంతకు రాగా, హాప్స్ అను ప్రోటీనుల కూటమి రెండింటిని పట్టి దగ్గరకు చేర్చును. అంతట స్నేర్ ప్రోటీనులు ఇరువైపులనుండి జడపాయలవలె పెనవేసికొని, పొరలను ఒండొంటికి ఒత్తి ఏకము చేయగా, సరకు ఆమ్లపూరితమగు గర్భమున పడి జీర్ణమగును.

మన పాఠ్యపుస్తకములు లైసోజోములను స్వయంవిచ్ఛిత్తి సంచులనుచున్నవి. అరుదుగా జరుగు వినాశమును చాటి, నిత్యము జరుగు పాకక్రియను మరుగుపరచు ఆ పేరు నాకు సమంజసముగా తోచదు.