రెండు బొమ్మలు ఒకటియగుట



దూరమును కంటితో కొలుచుట మీకు క్రొత్త విద్య కాదు. గట్టుమీద నిలుచుండి మడి ఎన్ని సెంట్లుండునో, బండి ఊరు చేరుటకు ఎంత ప్రొద్దు పట్టునో మీలో అనేకులు చూచినంతనే చెప్పగలరు. ఆ కంటికొలతయే నేటి నా ప్రసంగమునకు మూలము. దూరమును తానే కొలిచిచెప్పు ఒక చిన్న కెమేరా చరిత్రను, దానితో 45 ఏండ్లుగా నేను నేర్చినదానిని మీకు విన్నవింతును.

మొదట దాని కీలును చెప్పెదను. చేయి చాచి బొటనవ్రేలిని నిలిపి, ఒకమాఱు కుడికంటితోను ఒకమాఱు ఎడమకంటితోను చూడుడు. వ్రేలు ప్రక్కకు జరిగినట్లు తోచును. వ్రేలు దగ్గఱైన కొలది ఆ జరుగుడు హెచ్చును, దూరమైన కొలది తగ్గును. జరుగుడును కొలిచినచో దూరము తెలియును. రేంజ్‌ఫైండరు అను సాధనము చేయు పని ఇదియే. కెమేరా నుదుట రెండు కన్నములుండును. ఒకదాని బొమ్మ తిన్నగాను, రెండవదాని బొమ్మ చిన్న అద్దముపై తిరిగియు మన కంటికి చేరును. కటకమును త్రిప్పుచుండగా ఒక మీట ఆ అద్దమును కదల్చును. రెండు బొమ్మలు ఒకటియైనచోట కటకము సరియైన దూరమునకు నిలిచినదన్నమాట.

ఈ సౌకర్యము ఒక్కనాట రాలేదు. మన సికింద్రాబాదులో స్టూడియో నడపి, ఆఱవ నిజాముగారి ఆస్థానమున ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ గాజుపలకలపై బొమ్మలు తీసెను. ఆ పలకలు, పెట్టె, ముక్కాలిపీట మోయుటకు మనుష్యులు కావలసియుండెను. కదలక నిలిచినవారికే ఆ పద్ధతి అనుకూలము.

ఆ భారమును తగ్గించినవాడు ఆస్కార్ బార్నాక్ అను జర్మను యంత్రకారుడు. ఆయన 1879లో పుట్టి, 1911లో వెట్జ్‌లార్ పట్టణమందలి లైట్జ్ వారి సూక్ష్మదర్శినుల కర్మాగారమున చేరెను. ఆయనకు ఉబ్బసము. బరువైన కెమేరాను కొండలపైకి మోయుట ఆయనకు సాధ్యము కాలేదు. చిన్న బొమ్మను తీసి పిదప పెద్దది చేయవచ్చుగదా యని ఆలోచించి, సినిమాలకు వాడు 35 మిల్లీమీటర్ల ఫిల్మును అడ్డముగా నడిపి, బొమ్మ కొలతను 24కు 36 మిల్లీమీటర్లుగా నిర్ణయించి, 1913-14లో అఱచేత ఇముడు కెమేరా నొకదానిని చేసెను. 1920లో వెట్జ్‌లార్ వీధులలోనికి వరద వచ్చినప్పుడు దానితోనే బొమ్మలు తీసెను.

జర్మనీ దేశము ఆర్థికముగా చితికియున్న 1924లో, అనేకులు వలదన్నను, యజమాని ఎర్న్‌స్ట్ లైట్జ్ దీనిని తయారుచేయుటకే నిశ్చయించెను. 1925లో లైప్‌జిగ్ సంతలో అది లైకా అను పేరుతో వెలువడెను. కాని దానికి దూరము తెలుపు కన్ను లేదు. కొన్నవారు అడుగులు లెక్కించియో, పైన తగిలించిన వేఱొక సాధనమున చూచి ఆ అంకెను కటకముపైకి మార్చియో పని గడుపుకొనిరి. దూరసాధనమును కటకముతో జతచేయుట 1916లోనే కోడక్ వారు ఒక పెద్ద కెమేరాలో చేసియుండిరి. చిన్న కెమేరాకు ఆ భాగ్యము 1932లో పట్టెను. ఆ యేట లైకా రెండవ నమూనాయు, జైస్ ఐకాన్ వారి కాంటాక్సును బయలుదేరినవి. చేతిలోని పని కంటిలోనే ముగియుటచే నడచువానిని, నవ్వువానిని, ఏడ్చువానిని ఎఱుగనీయక పటము తీయుట సాధ్యమయ్యెను.

ఫ్రాన్సు దేశపు హెన్రీ కార్టియే-బ్రెసన్ ఇంచుమించుగా ఆ కాలముననే లైకాను చేపట్టెను. ఆయన 1948 జనవరి 30న ఢిల్లీలో గాంధీ మహాత్ముని దర్శించి సెలవు పుచ్చుకొనెను. కొలదిసేపటికే మహాత్ముడు హతుడయ్యెను. ఆ రాత్రి బిర్లాభవనపు ద్వారమువద్ద నెహ్రూ ఆ వార్తను జనులకు చెప్పుచుండగా ఆయన తీసిన పటము చీకటిగా, మసకగా నుండును. ఐనను ఆ రాత్రిని చూడనివారికి అదియే సాక్ష్యము.

ఇక నా కథ. ఖార్కోవ్ నగరమున మకారెంకో నడపిన బాలల శ్రమనివాసములో, దిక్కులేని పిల్లలు పని నేర్చి, 1934 నుండి లైకాను పోలిన ఫెడ్ అను కెమేరాలను చేసిరి. దాని సంతతియే 1948లో మాస్కో సమీపమున పుట్టిన జోర్కీ. అట్టి జోర్కీ ఒకటి పాతది నా చేతికి వచ్చినది. దాని వాడుక నేర్పినవాడు మా పట్టణములోని స్టూడియో పెద్దాయన. "100 వేగపు ఫిల్మునకు మండుటెండలో కన్నపు అంకె 16, సెకండులో నూఱవవంతు చాలును. చెట్టునీడకు పోయినచో మూడు మెట్లు విప్పుము" అని ఆయన చెప్పెను. కటకముపై మూత యున్నను ఈ కెమేరా కన్ను తేటగానే చూపునని, కావున తీయుటకు ముందు మూతను వ్రేలితో తడిమిచూడుమనియు హెచ్చరించెను.

చెప్పనిది ఒకటి మిగిలెను. లేక చెప్పినను నేను వినకపోతినేమో. మా తాతగారి సహస్రచంద్రదర్శన మహోత్సవము వచ్చెను. అంతవఱకు ఆయన ఒక్క పటమైనను తీయించుకొనలేదు. నా మాట కాదనలేక పట్టుపంచె కట్టి కూర్చుండిరి. నాయనమ్మ ప్రక్కన నిలిచెను. బొమ్మలు రెండును ఒకటియగువఱకు చూచి చూచి 36 మాఱులు మీట నొక్కితిని. స్టూడియోలో విప్పగా ఫిల్ము ఎట్లు పెట్టినది అట్లే యున్నది. దాని కొస చక్రమునకు తగులుకొనలేదు. ఒక్క బొమ్మయు పడలేదు. ఆ కార్తీకమాసముననే తాతగారు కాలము చేసిరి. నాయనమ్మ బ్రతికినంతకాలము ఆ పటములేవని నన్ను అడుగలేదు. ఆమె అడుగకపోవుటయే నాకు పెద్ద శిక్ష.

పెద్దాయన నన్ను కోపింపలేదు. తన యౌవనమున ఒక పెండ్లివారికి తానును ఇట్లే ద్రోహము చేసితినని చెప్పి, "నాయనా, చుట్టినప్పుడెల్ల ఎడమప్రక్క బిళ్ళ తిరుగుచున్నదో లేదో చూడుము. అది తిరిగినచో లోపల ఫిల్ము నడచుచున్నట్లు" అనెను. ఆ చిన్నమాటను ఆయనయు ఒకదానిని పోగొట్టుకొనియే సంపాదించెను.

1954లో లైకా ఎం3 వచ్చెను. 1959లో కటకముగుండానే చూపు నికాన్ ఎఫ్ వచ్చెను. అటుపిమ్మట రేంజ్‌ఫైండరు వాడుక క్రమముగా తగ్గెను. నేడు ఫోను తానే దూరమును, వెలుతురును నిర్ణయించుకొనును. దానిని నేను నిందింపను. అది ఆనాడు నా చేతనుండినచో తాతగారి ముఖము మా గోడపై నుండెడిది. కాని పరికరము కంటిపనిని తాను చేసినకొలది, కన్ను నేర్చినదానిని ఒకరికొకరు చెప్పుకొను సందర్భములు తగ్గుచున్నవి.

మా యూరి పిల్లలు ముగ్గురు ఇప్పుడు సాయంకాలములందు నావద్దకు వచ్చి ఆ జోర్కీని చేపట్టుచున్నారు. చెట్టు ఎంత దూరమున్నదో మొదట కంటితో చెప్పుమందును. పిదప కన్నములో చూచి సరిచూచుకొందురు. చుట్టినప్పుడెల్ల ఎడమప్రక్క బిళ్ళను చూచుచున్నారు. తాతగారి పటము నావద్ద లేదు. దానికి బదులుగా దొరికిన ఆ ఒక్క మాట వారివద్ద నున్నది.