లైసెన్సు లేని తుపాకి – తగ్గింపరాని శిక్ష

సంఘమువారు సంచికకు వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు, పండుగనాడు జైళ్ల మాట ఎందుకని మేమును కొంత సంకోచించితిమి. కాని మన భవాని పేట్‌లో మగ్గముల చప్పుడు ఆగిన పిమ్మట నలుగురు కూర్చున్నచోట వచ్చు మాట పిల్లలను గురించియే కదా! చెడు సహవాసమున ఒకసారి జైలు చూచి వచ్చిన కుర్రవాని చేతికి ఎవడో ఒక నాటు పిస్తోలు ఇచ్చి, "నాలుగు రోజులు దాచిపెట్టుము" అన్నాడనుకొందము. పట్టుబడినచో వాని గతి యేమి? చట్టము ఇచ్చు జవాబునకు వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర యున్నది.

1878లో లిట్టన్ ప్రభువు కాలమున ఆయుధముల చట్టము వచ్చినది. దేశీయునికి లైసెన్సు కావలెను, తెల్లవానికి మినహాయింపు. ఈ అవమానము మనవారిని ఎంత బాధించినదనగా, 1930లో గాంధీగారు వైస్రాయి ముందుంచిన పదకొండు కోర్కెలలో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సు లిచ్చుట ఒకటి.

అదే ప్రభుత్వము కొన్ని కులములను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసినది. ఆంధ్రదేశమున బాపట్ల దగ్గరి స్టూవర్టుపురము ఎరుకలవారి కొరకు అట్లు ఏర్పడినదే. మన షోలాపురములో కూడ ముండ్లతీగె చుట్టిన సెటిల్‌మెంటు ఉండెడిది. అందలివారు మిల్లులలో పనిచేసి మరల తీగెలోపలికే రావలసియుండెను. 1924 నాటి నేరస్థ తెగల చట్టములో ఒక నిబంధన గమనింపదగినది. ఆ తెగవాడు పట్టికలో చెప్పిన నేరములలో రెండవసారి దోషియైనచో ఏడు సంవత్సరములకు తక్కువ కాని ఖైదు; మూడవసారి యావజ్జీవ ద్వీపాంతరవాసము. ప్రత్యేక కారణము తీర్పులో వ్రాసిననే తప్ప జడ్జీ తగ్గించుటకు వీలులేదు. తోటి ముద్దాయి అదే నేరము చేసినను ఆ తెగవాడు కానిచో ఈ లెక్క వానికి లేదు. 1952లో ఆ చట్టము పోయినది.

స్వతంత్ర భారతమున 1959లో క్రొత్త ఆయుధముల చట్టము వచ్చినది. దానిలో కులము మాట లేదు, తెలుపు నలుపు భేదము లేదు. కాని పాత శిక్ష మాట ఉన్నది. హింసగాని, నీతిబాహ్యతగాని కల నేరమునకు జైలుకు వెళ్లినవాడు విడుదలైన తరువాత ఐదేండ్లవరకు తుపాకి తాకరాదు. ఈ చట్టము క్రిందనే మరల దోషియైనవానికి శిక్ష రెండింతలు. 1983లో లైసెన్సు లేని తుపాకికి ఒక సంవత్సరము కనిష్ఠ శిక్షగా పెట్టిరి. పంజాబులో కల్లోలము పెరిగిన 1988లో, నిషిద్ధ ఆయుధమునకు ఐదేండ్ల కనిష్ఠము, దానితో ప్రాణము తీసినచో మరణశిక్షయే అని నిర్బంధము చేసిరి.

ఇక్కడ మా ఉద్యోగము మాట ఒకటి చెప్పెదము. మేము రైల్వే గుమాస్తాలము. కిటికీ ముందు నిలిచిన ముసలమ్మ కంట నీరు పెట్టుకొన్నను, టికెట్టు ధరలో ఒక్క రూపాయి తగ్గించు అధికారము మాకు లేదు. పట్టీలో ఉన్నదే ధర. మనుష్యుని ఆయుర్దాయమునకు కూడ జడ్జీ చేతికి అట్టి పట్టీ ఇచ్చినచో న్యాయమగునా?

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు రెండుసార్లు వచ్చినది. యావజ్జీవ ఖైదీ హత్య చేసినచో ఉరియే అన్న పీనల్ కోడు 303వ సెక్షను చెల్లదని 1983లో మిఠూ కేసులో తీర్పు వచ్చినది. ఆ ధర్మాసనమున మన తెలుగువారైన ఓ. చిన్నప్పరెడ్డిగారు ఉండి, తమ అభిప్రాయమును వేరుగా వ్రాసి ఏకీభవించిరి. 2012లో దల్బీర్ సింగు కేసులో, ఆయుధముల చట్టములోని నిర్బంధ మరణశిక్షకూడ రాజ్యాంగ విరుద్ధమనిరి.

అయితే కనిష్ఠ శిక్ష కేవలము చెడ్డదని మేము అనము. సినీనటుడు సంజయ్ దత్ అక్రమముగా ఆయుధములు ఉంచుకొన్న కేసులో 2013లో సుప్రీంకోర్టు ఆరేండ్లను ఐదుకు తగ్గించినదే కాని, అంతకు దిగలేదు. చట్టము చెప్పిన కనిష్ఠము అదే. పేరున్నవానికొక తూకము, కూలివానికొక తూకము లేకుండుటకు ఈ పట్టీ కొంత పనికివచ్చును. అమెరికాలో ఇంకను కఠినము. హింసాత్మక నేరములకో, తీవ్రమైన మాదకద్రవ్యముల నేరములకో మూడుసార్లు శిక్షపడినవాడు తుపాకితో దొరికినచో పదిహేనేండ్లకు తగ్గదని శాసించిరి.

2019లో మన పార్లమెంటు మరల బిగించినది. నిషిద్ధ ఆయుధమునకు ఏడు మొదలు పదునాలుగేండ్లు; సామాన్యమైన లైసెన్సు లేని తుపాకికి రెండు మొదలు ఐదేండ్లు. ఈ రెండవదానిలో తగిన ప్రత్యేక కారణములు వ్రాసి తగ్గించు వాకిలి జడ్జీకి ఉంచిరి. ఆ చిన్న వాకిలియే ముఖ్యమని మా తలంపు. తుపాకి భయము నిజమే, కట్టుదిట్టము కావలసినదే. కాని ముద్దాయి ఎవడు, ఎందుకు, ఏ స్థితిలో చేసెనో చూచు కన్ను న్యాయస్థానమునకు ఉండవలెను. ముద్ర చూచి మాత్రమే శిక్షించు కాలమును మన ఊరు ఒకసారి చూచినది.

ఇక మొదటి కుర్రవాని మాట. "అది నాది కాదు, స్నేహితునిది" అన్న మాట వానిని కాపాడదు. తెలిసి తన ఆధీనమున ఉంచుకొన్నచాలు, నేరమే. కావున తల్లిదండ్రులారా, ఈ సంగతి పిల్లలకు ఇంటనే చెప్పుడు. జైలునుండి తిరిగివచ్చినవానిని గుమ్మము బయట నిలుపక, మగ్గము దగ్గర కూర్చుండబెట్టుడు. చేతికి పని యున్నవాడు పిస్తోలు దాచుటకు తీరిక వెదకడు. క్రొత్త సంవత్సరమున మన పేటలో ఒక్క ఇంట నైనను ఈ మాట ఉపకరించినచో మా శ్రమ ఫలించినట్లే.